రాహుకాలం లోపు లేపిన మూడు యంత్రాలు

ముందుగా కదిరి లక్ష్మీనరసింహస్వామికి నమస్కారం. ఉన్నావా అని అడిగిన చోటల్లా ఉన్నానని పలికే దేవుడు ఆయన. రాతి స్తంభంలో ఉన్నవాడికి రూపం లేని యంత్రంలో ఉండటం ఒక లెక్కా? కంటికి కనిపించని యంత్రాలను నమ్ముకుని ఇరవై ఏళ్లకు పైగా హైటెక్ సిటీలో బతికాను. కూలినవాటిని లేపే తెలివి ఆయన ఇచ్చిందే. లేచినప్పుడు పొంగిపోకుండా ఉండే నిగ్రహమూ ఆయనే ఇచ్చాడు, అది కొంచెం తక్కువగా ఇచ్చాడు. ఇచ్చినదానికీ ఇవ్వనిదానికీ ఆయనకే స్తోత్రం.

పోయినేడు ఉద్యోగం ముగిసింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. నా హోదాలు, నాకిచ్చిన జ్ఞాపికలు మీకెందుకూ పనికిరావు. పనికొచ్చేవి కొన్ని మెలకువలు, నేను చేసిన ఒక తప్పు. ఆ తప్పు వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం నాలుగు రోజులపాటు నా నోటి మీద ఆధారపడింది.

మేం చేసే పని

"అసలు మీరేం చేస్తుంటారండీ?" అని మణికొండలో మా అపార్ట్‌మెంటువాళ్లు అడిగితే ఇలా చెప్పేవాణ్ని. ఒక పెద్ద ఇల్లుంది. మధ్యలో గోడలు కట్టి పోర్షన్లుగా కిరాయికిచ్చారు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి మీటరు వాళ్లది. లోపలున్నవాళ్లకు అది సొంత ఇల్లులాగే ఉంటుంది. ఒక పెద్ద కంప్యూటరును అలా పోర్షన్లు చేస్తే ఒక్కో పోర్షను ఒక వర్చువల్ మెషిన్. అలాంటివి కొన్ని కలిసి ఒకే పని చేస్తూ, ఒకటి పడిపోతే మిగతావి ఆ బరువు మోస్తే, అది క్లస్టరు. మొదట్లో వాటిని ఒక్కొక్కటిగా చేత్తో కట్టేవాళ్లం. తరువాత చేయాల్సినదంతా వరసగా రాసిపెట్టి, ఒక్కసారి ఎంటర్ నొక్కితే జరిగిపోయేలా చేశాం. ఆ రాతే స్క్రిప్టు.

చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నేను ఈ పని బాగా చేశాను. ఈ ఊళ్లో బ్యాంకులు, బడులు, ఆసుపత్రులు నా చేతి మీదుగా లేచిన యంత్రాల మీద నడిచాయి, ఇప్పటికీ కొన్ని నడుస్తున్నాయి. వాటి ముందు క్యూలో నిలబడేవాళ్లెవరికీ నా పేరు తెలియదు. గుడి పునాదిలో ఉన్న రాయి పేరు భక్తులకు తెలియాల్సిన పనేముంది?

వెతకాల్సిన వరస

పూజకు కూర్చుంటే ముందు సంకల్పం చెప్పుకుంటాం. ఏ చోటు, ఏ కాలం, ఏ గోత్రం, ఏ పేరు, ఏ పని. క్లస్టరు లేవనప్పుడు నేను అదే వరసలో వెతికేవాణ్ని. మా టీములో అందరికీ అదే నేర్పాను. నవ్వినవాళ్లు కూడా తరువాత అలాగే వెతికారు.

ముందు చోటు. స్క్రిప్టు వెళ్లాల్సిన చోటికే వెళ్లిందా, లేక పరీక్షల కోసం పెట్టుకున్న చోటికి వెళ్లిందా? నవ్వకండి, అనుభవం ఉన్నవాళ్లే ఇందులో పడతారు. తరువాత కాలం. ఒక యంత్రం గడియారం కొన్ని నిమిషాలు వెనకబడితే మిగతావి దాని మాట నమ్మవు. తెర మీద మాత్రం పాస్‌వర్డు చెల్లదని వస్తుంది. గడియారం చూడకుండా రెండు రోజులు పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చున్న మంచి ఇంజనీర్లు నాకు తెలుసు. తరువాత గోత్రం, పేరు. ఒకే మూసలోంచి తీసిన యంత్రాలకు లోపలి గుర్తింపు కూడా ఒకటే అంటుకుని వస్తుంది. కవలలిద్దరికీ ఒకే ఆధార్ కార్డు ఇచ్చినట్టు. ఇద్దరికీ ఒకే చిరునామా దొరుకుతుంది. ఒకడు ఇంట్లోకి రాగానే రెండోవాడు వీధిలో పడతాడు. మూసలో ఆ గుర్తింపు చెరిపేశాకే నకళ్లు తీయండి.

చివరగా పని. సగంలో ఆగిన స్క్రిప్టును మళ్లీ నడిపితే అది మిగిలిన సగమే చేస్తుందా, చేసిన సగాన్ని మళ్లీ చేస్తుందా? ఇది తెలియకుండా రెండోసారి ఎంటర్ నొక్కకండి.

ఇంకొక్క మాట. తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడు అందరూ చివరి లైను చదువుతారు. చివరి లైను ఏడుపు. దెబ్బ తగిలింది ఎక్కడో పైన, మొదటి లైనులో. పైకి వెళ్లి చదవండి.

ఇవన్నీ యంత్రం చేసే తప్పులు, ఓపిక ఉంటే దొరుకుతాయి. నేను చేసిన తప్పు ఈ వరసలో ఎక్కడా దొరకదు.

స్వరూప

స్వరూప మా టీములో కాంట్రాక్టు ఇంజనీరు. సొంతూరు ఖాజాగూడ. అంటే వలస వచ్చిన మాలాంటివాళ్ల మధ్య ఆమె ఒక్కతే స్థానికురాలు. వాళ్ల నాన్న అక్కడి గుట్టల్లో రాళ్లు కొట్టి పిల్లల్ని చదివించాడు. మాట తక్కువ, మాట్లాడితే సూటిగా ఉంటుంది. క్లస్టరులో యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి, అంటే నెట్‌వర్క్ భాగం, ఆమె రాసింది. ఏ యంత్రం ముందు లేవాలి, ఏది ఎంతసేపు ఆగాలి అన్న భాగం నాది.

నగరంలో కొన్ని శాఖలున్న ఒక ఆసుపత్రి పని మాకొచ్చింది, పేరు అనవసరం. రోగుల పేర్లు, టోకెన్లు అన్నీ కొత్త క్లస్టరు మీదికి రావాలి. మా మేనేజరు మూర్తిగారు భీమవరం మనిషి. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన స్వరూపను పిలిచి నా ముందే చెప్పారు.

"అమ్మా, నా దగ్గర ఒక్కటే పర్మనెంటు ఉద్యోగం ఉందండి. ఈ ఆసుపత్రి పని సాఫీగా అయితే అది నీదే. తేడా వస్తే మాత్రం ఈ నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. పైవాళ్లు పొడిగించనంటున్నారు."

బయటికి వచ్చాక స్వరూప అంది: "నా నెట్‌వర్క్ నాకెర్కే సార్. దానికైతే ఫికర్ లేదు. మీ భాగం గూడ మంచిగుంటే సాలు." అలా నాతో అనగలిగింది ఆమె ఒక్కతే. నాకు అది ఇష్టమే.

శుక్రవారం

ఆసుపత్రి అధిపతి డాక్టరుగారు భక్తిపరుడు. ముహూర్తం ఆయన తల్లిగారు పెట్టించారు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది. ఆలోగా మొదటి రోగి పేరు కొత్త యంత్రంలో ఎక్కాలి. తొమ్మిదింటికి మా ఆఫీసుకు వచ్చి స్వయంగా ఎంటర్ నొక్కుతానన్నారు. గచ్చిబౌలి ట్రాఫిక్కులో చిక్కుకుని పావు తక్కువ పదికి వచ్చారు.

స్క్రిప్టుకు యాభై నిమిషాలు పడుతుంది. అందులో సగానికి పైగా ఊరికే ఆగడమే. ఒక్కో యంత్రాన్ని లేపాక, అది పూర్తిగా మేలుకునేదాకా పది నిమిషాలు ఆగమని నేనే రాశాను.

"అయిపోతుందా నారాయణగారూ? అమ్మ ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంది" అన్నారు డాక్టరుగారు.

"ఎందుకవదండీ, మన నారాయణగారున్నారు కదండీ" అన్నారు మూర్తిగారు.

స్వరూప నా కుర్చీ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది: "సార్, అయితదని ఎట్ల జెప్తరు? యాభై నిమిషాలాయె. రాహుకాలం పోయినంక పన్నెండింటికి సురు జేద్దామని జెప్పుండ్రి. డాక్టర్ సాబ్ ఇంటడు."

"నువ్వుండమ్మా. స్వామి చూసుకుంటాడు" అన్నాను.

మా అంతస్తులో హారతి వెలిగిస్తే పొగ గంట మోగుతుంది. అందుకని కొబ్బరికాయ కొట్టడానికి అందరూ కిందికి, పార్కింగులోకి వెళ్లారు. స్వరూప పక్క గదిలో ఆసుపత్రి కౌంటర్లవాళ్లతో ఫోనులో ఉంది. నేను లాప్‌టాప్ ముందు ఒక్కణ్నే మిగిలాను. నడపబోయే స్క్రిప్టు నకలు తెరిచాను. పది అని ఉన్న మూడు చోట్లా రెండు అని మార్చాను. అసలు ఫైలు జోలికి పోలేదు. పని అయ్యాక ఆ నకలు దానంతటదే చెరిగిపోతుంది.

ఇది తెలియక చేసింది కాదు. ముహూర్తం దాటిపోతే డాక్టరుగారి ముందు మాట పోతుందని చేశాను. పైగా అది భక్తి అనుకున్నాను.

పైకి వచ్చి, లాప్‌టాపుకు కుంకుమ బొట్టు పెట్టి, డాక్టరుగారు ఎంటర్ నొక్కారు. పదీ ఇరవై నాలుగుకు మూడు యంత్రాల ఎదుటా పచ్చ గుర్తులు వచ్చాయి. మొదటి రోగి పేరు ఎక్కింది. చప్పట్లు, మిఠాయిలు. డాక్టరుగారు నా చేతులు పట్టుకుని తల్లిగారికి ఫోనులో చెప్పారు. ఆ పది నిమిషాలూ నా జీవితంలోని గొప్ప క్షణాల్లో చేరతాయనుకున్నాను.

పన్నెండున్నరకు ఆసుపత్రి నుంచి ఫోను. ఒకే టోకెను నంబరు ముగ్గురేసి రోగులకు వస్తోంది. డాక్టరు గది ముందు ముగ్గురు నిలబడి నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. ఒక కౌంటర్లో రాసిన పేరు పక్క కౌంటర్లో కనిపించడం లేదు. అరగంటలో కాగితాల మీదికి వెళ్లిపోయారు. స్వామి దయ వల్ల ఎవరికీ వైద్యం ఆగలేదు.

జరిగింది ఇది. మామూలుగా మొదట లేచిన యంత్రం పెద్దది. తరువాత లేచినవి దాన్ని పిలిచి, అది పలికితే దాని కిందకు చేరతాయి. ఎవరూ పలకకపోతే, తానే పెద్దననుకుని సొంత కాపురం పెట్టుకుంటాయి. ఆరోజు మొదటిది పూర్తిగా మేలుకోకముందే రెండోది పిలిచింది, పలుకు లేదు. మూడోదీ అంతే. ఒక ఇంటికి ముగ్గురు పెద్దలు. ఎవరికి వారు ఆరోగ్యంగానే ఉన్నారు కాబట్టి మూడు పచ్చ గుర్తులూ వచ్చాయి.

దారిదే తప్పన్నారు

ఆ మధ్యాహ్నం మూడు యంత్రాలనూ కూల్చి, అసలు స్క్రిప్టుతో మళ్లీ కట్టాం. చక్కగా లేచింది. అదే అందరినీ తికమక పెట్టింది. శనివారం పరీక్షల కోసం ఎన్నిసార్లు నడిపినా చక్కగానే లేచింది. లేవదా మరి, ఆ ఫైలులో పదులు పదులుగానే ఉన్నాయి.

మూర్తిగారు నివేదిక మొదలుపెట్టారు. "ఒకదాని మాట ఒకదానికి వినపడలేదంటే దారి సరిగా లేనట్టే కదండీ. ఉదయం ఎక్కడో కాసేపు తెగి ఉంటుంది. క్లయింటు సోమవారానికి కారణం అడుగుతున్నారు. ఏదో ఒకటి రాయాలి కదండీ." నెట్‌వర్క్ లోపం అని రాశారు. దారి వేసింది స్వరూప. నేను ఆ తెర చూస్తూ నిలబడ్డాను.

శనివారం సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో లాగుల కాగితాలు, అంటే ఏ యంత్రం ఎప్పుడేం చేసిందో అదే రాసుకునే చిట్టా.

"సార్, నిన్నటి లాగులు చూసిన. రెండో మెషిన్ రెండు నిమిషాలకే లేచింది. మన స్క్రిప్టుల పది ఉండె కద. గిదెట్లయితది?"

"గడియారం తేడా అయ్యుంటుంది."

"గడియారాలు గూడ చూసిన. మీరే నేర్పిండ్రు కద, సోటు, కాలం, పేరు అని. అన్ని ఒక్కటే టైమున్నయి."

"సోమవారం చూద్దాంలే అమ్మా."

ఆమె కాగితాలు మడిచింది. "సోమవారం నాడు రిపోర్టు పోతది సార్" అని వెళ్లిపోయింది.

మీరు నన్ను ఎంత తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. రెండు నిమిషాలు చాలు, అది కారణం కాదు అని నాలో ఒకడు వాదిస్తూనే ఉన్నాడు. ఇరవై ఏళ్లు ఎన్నో యంత్రాల మొదటి లైను పైకి వెళ్లి చదివినవాణ్ని, నా దగ్గరికి వచ్చేసరికి చివరి లైను దగ్గరే ఆగిపోయాను.

మింగిన పద్యాలు

ప్రతి ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంటు సెల్లారులో పారాయణం ఉంటుంది. మా నాన్న పండరి భజన కూటంలో గురువు. చిన్నప్పటినుంచీ కూటంలో కూర్చుని పెరిగాను కాబట్టి చదివే బాధ్యత నాకిచ్చారు. చదివేవాడికి ఎదురుగా పుస్తకం పట్టుకుని ఒకరు వింటూ ఉండటం మా ఆచారం. తప్పు పోతే దిద్దుతారు. మాకు అలా వినేది ఓబులేసుగారు. ఆళ్లగడ్డవైపు బడిపంతులుగా చేసి, కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన.

ఆరోజు నా మనసు అక్కడ లేదు. పొద్దు ఎక్కుతోంది, ప్రసాదం చల్లారిపోతోందని రెండు పద్యాలు వదిలేసి ముందుకు పోయాను. చివర, చదివినవాడు దోషాలకు క్షమాపణ చెప్పుకోవాలి కదా, అదీ చెప్పాను. ఓబులేసుగారు పుస్తకం మూయలేదు.

"ఏం నారాయణా, రెండు పద్యాలు మింగితివే?"

"పొద్దుపోతాంది కదా పెద్దాయనా. క్షమాపణ చెప్పుకుంటి గదా."

"అది తెలీక పోయిన దోసానికప్పా. తెలిసి మింగినదానికి గాదు." ఆయన కళ్లజోడు తీశారు. "మింగేదుంటే మింగు, టైము లేదంటే ఎవరన్నా కాదంటారా? మింగితినని ఒక మాట చెప్పల్ల. నువ్వు చెప్పకపోతే ఇంతమంది పూర్తిగా ఇన్యామనుకుని ఇంటికి పోతారు. ఆ పాపం ఎవురిది?"

అందరూ నవ్వారు. ప్రసాదం పంచుతున్న పిన్నమ్మగారు, "అబ్బ, వదిలేయండి పంతులుగారూ, పులిహోర తినండి" అన్నారు. నేను నవ్వలేకపోయాను. శాస్త్రం నాకు చెప్పాల్సింది పులిహోర వాసన మధ్య చెప్పేసింది.

సోమవారం

తొమ్మిదింటికి మూర్తిగారి గదికి స్వరూపను కూడా పిలిచి, పది రెండైన సంగతి చెప్పాను. ఏ చోట మార్చానో, ఎందుకు మార్చానో, ఎవరు లేని సమయంలో మార్చానో అన్నీ చెప్పాను.

మూర్తిగారు తాను రాసిన నివేదిక పక్కన పెట్టారు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ" అన్నారు.

"ఈమెకు తెలుసండీ. లాగుల్లో చూసింది. శనివారం నన్నడిగింది."

ఆయన స్వరూప వైపు తిరిగారు. "మరి నాతో అనలేదేమ్మా?"

"ఏమని అనాలె సార్? కాంట్రాక్టు పిల్ల తన తప్పు సార్ మీదికి తోస్తున్నదంటరు." తరువాత నన్ను చూసింది. "శనివారం మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే సార్. మా నాయిన ఏమంటడు, నీ తప్పు లేకుంటే ఎందుకు పరేషానైతున్నవ్ అంటడు. ఏం జెప్పాలె ఆయనకు?"

నేను చేతులు జోడించాను. ఆమె వాటిని చూసింది, "సరే సార్" అంది. వారం రోజులు పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆమె హక్కు.

డాక్టరుగారి దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన ముఖం ఎర్రబడింది. "మా అమ్మ ముహూర్తం కోసం మార్చారా? టైము చాలదని ఒక్క మాట అంటే పన్నెండు దాటాక పెట్టుకునేవాళ్లం కదండీ. అమ్మే ఒప్పుకునేది. పేషెంట్ల కంటే ముహూర్తం పెద్దదని నేనెప్పుడన్నాను?" ఆరు నెలలు నన్ను ఆ పనిలో వేలు పెట్టవద్దన్నారు. న్యాయమే. నివేదికలో నా పేరు నేనే రాశాను. ఇన్నేళ్లలో నేను రాసిన అతి చిన్న నివేదిక అదే. దానంత గర్వం మరే నివేదిక మీదా నాకు లేదు.

పలికేదాకా

ఆసుపత్రి పని స్వరూప చేతికి వెళ్లింది, పైవాళ్లు ఆమె కాంట్రాక్టూ పొడిగించారు. ఆమె మొదట చేసిన పని, నా భాగంలోని నిమిషాలన్నీ తీసేయడం. పదీ లేదు, రెండూ లేదు. మొదటి యంత్రాన్ని లేపాక, లేచావా అని స్క్రిప్టే దాన్ని అడుగుతుంది. పలికితేనే రెండోదాన్ని లేపుతుంది. పలకకపోతే మళ్లీ అడుగుతుంది. ఎంతకీ పలకకపోతే ఆగి మనిషిని పిలుస్తుంది.

"ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాను.

"మా నాయిన రాయి కొట్టెటప్పుడు లెక్కవెట్టి కొట్టడు సార్. సుత్తెతోని తట్టి చప్పుడు ఇంటడు. రాయి జెప్పినంకనే దెబ్బేస్తడు." మళ్లీ నాతో మామూలుగా మాట్లాడటం ఆరోజే మొదలైంది.

మీరు ఈ పనిలో నేర్చుకోవాల్సిన మెలకువ ఒక్కటే అయితే ఇది నేర్చుకోండి. నిమిషాలు లెక్కపెట్టే స్క్రిప్టు రాయకండి, అడిగే స్క్రిప్టు రాయండి. ఇంకోటి, చేత్తో ఏది మార్చినా, ఒక్క అంకె అయినా, పక్కవాళ్లకు వినపడేలా చెప్పి మార్చండి. తరువాత మా టీములో అది నియమమైంది.

కొన్ని నెలలకు ఆసుపత్రి కొత్త శాఖ తెరిచింది. నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. డాక్టరుగారు మళ్లీ ముహూర్తం తెచ్చారు, మళ్లీ ఆలస్యంగానే వచ్చారు. ఎన్నింటికి లేస్తాయని అడిగారు. గదిలో అందరూ నావైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు.

"ముహూర్తానికి మీరు ఎంటర్ నొక్కుండ్రి సార్, దేవుడు మెచ్చుతడు" అంది స్వరూప. "లేసుడు మాత్రం వాటి ఇష్టం. పిల్లలను గూడ పుట్టిన గడియకే నడిపియ్యం కద."

డాక్టరుగారు పగలబడి నవ్వారు. తల్లిగారికి ఫోను చేసి ఆ మాటే చెప్పారు. యంత్రాలు రాహుకాలంలో లేచాయి. ఒక పెద్ద, ఇద్దరు చిన్నలు. టోకెన్లు ఒక్కొక్కరికి ఒక్కొక్కటే వచ్చాయి. ఆ నెల స్వరూపకు పర్మనెంటు కాగితం అందింది. ఆ కాగితం తెచ్చి ముందు నాకే చూపించింది. ఎవరి ముందూ తలవంచని మనిషి, నా బల్ల మీద లడ్డూ పెట్టి, "మా నాయిన ఇయ్యమన్నడు సార్" అంది. నేను కట్టిన క్లస్టర్లన్నీ ఒకవైపు, ఆ లడ్డూ ఒకవైపు.

ఇది చదివిన మీరు ఎవరైనా, ఏ పేరుతో దేవుణ్ని పిలిచినా, తెర నుంచి చూపు తిప్పి ఒక్క క్షణం నాతో కలిసి ఈ మాట అనండి. స్వామీ, మా చేతి పనిని నిలబెట్టు. అది కూలే రోజంటూ వస్తే, మా తప్పు ఇంకొకరి పేరు మీద రాయకముందే మా నోరు తెరిపించు.